ముక్కు, సైనస్ క్యాన్సర్: ట్రీట్‌మెంట్ అయిపోయిందని చెకప్ మానేస్తున్నారా? ఆ మొదటి రెండేళ్లే చాలా కీలకం.. ఈ లక్షణాలు కనిపిస్తే జలుబు అనుకోవద్దు!

ఆపరేషన్ అయిపోయింది. ఆరు వారాలకు పైగా రేడియేషన్ కూడా పూర్తయింది. స్కాన్ చూసిన డాక్టర్ ‘ఇప్పటికైతే క్లియర్‌గా ఉంది’ అన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇక హాస్పిటల్ మెట్లు ఎక్కక్కర్లేదు అనుకున్నారు.

కొన్ని నెలలు గడిచాయి. ఒకవైపు ముక్కు మూసుకుపోయినట్టు అనిపించింది. ‘చలికాలం కదా, జలుబు చేసుంటుంది’ అని మెడికల్ షాపులో రెండు ట్యాబ్లెట్లు తెచ్చుకుని వేసుకున్నారు. తగ్గలేదు. పక్క ఊరి ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ కోర్సు వాడారు. అయినా తగ్గలేదు. చివరికి హాస్పిటల్‌కి వెళ్లేసరికి గడ్డ కంటి దగ్గరకు వచ్చేసింది!

ముక్కు, సైనస్ క్యాన్సర్లకు చికిత్స తీసుకున్న వాళ్లలో డాక్టర్లు ఎక్కువగా భయపడేది ఇలాంటి ఆలస్యానికే. ఎందుకంటే ఈ క్యాన్సర్ తిరిగి వచ్చేటప్పుడు మొదట్లో అచ్చం జలుబులాగే, సైనస్ ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది. అందుకే చికిత్స ముగిసిన రోజుతో కథ అయిపోదు. ఆ తర్వాత చేసే ఫాలోఅప్ కూడా చికిత్సలో సగం లాంటిదే. ఎప్పుడెప్పుడు వెళ్లాలి? డాక్టర్లు ఏం చూస్తారు? ఇంట్లో మనం ఏం గమనించాలి? ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ఈ క్యాన్సర్ ఎక్కడ వస్తుంది?

మన ముఖం ఎముకల లోపల గాలితో నిండిన ఖాళీ గదులు ఉంటాయి. వాటినే సైనస్‌లు అంటారు. చెంపల వెనక, కళ్ల మధ్య, నుదురు వెనక, పుర్రె మధ్యలో.. ఇలా నాలుగు జతలు. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులు వచ్చినప్పుడు సైనస్ అనే మాట మన దగ్గర ఇంటింటా వినిపించింది. అది ఫంగస్ వల్ల వచ్చిన జబ్బు, క్యాన్సర్ కాదు. కానీ ఆ ఫంగస్ దాడి చేసింది కూడా ఈ గదుల మీదే. అక్కడి నుంచి కంటికి, మెదడుకి దారి ఎంత దగ్గరో అప్పుడు అందరికీ తెలిసింది.

ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే క్యాన్సర్లు చాలా అరుదు. తల, మెడ క్యాన్సర్లన్నింటిలో ఇవి సుమారు 3 నుంచి 5 శాతం మాత్రమే. సైనస్‌లలో ఎక్కువగా కనిపించేది చెంప వెనకుండే మాక్సిలరీ సైనస్‌లో. కళ్ల మధ్య ఉండే ఎత్మాయిడ్ సైనస్‌లోనూ వస్తుంది.

మరి మళ్లీ ఎందుకు వస్తుంది?

దీనికి పెద్ద కారణం అది ఉన్న చోటే. నాలుక మీదో, బుగ్గ లోపలో గడ్డ ఉంటే సర్జన్ చుట్టూ కొంత ఆరోగ్యకరమైన కండ కూడా కలిపి తీసేస్తారు. ముక్కు లోపల అంత వెసులుబాటు ఉండదు. ఒక పక్క కన్ను, పైన మెదడు, వెనక కంటి నరం, పెద్ద రక్తనాళాలు. మిల్లీమీటర్ల తేడాలో పని చేయాలి. గడ్డ మొత్తం తీసినా కంటికి కనిపించని కణాలు ఎక్కడో అంచున మిగిలే అవకాశం ఉంటుంది. అందుకే చాలా మందికి ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇస్తారు. అయినా కొందరిలో ఆ కణాలు మళ్లీ పెరుగుతాయి.

రెండో కారణం.. ఈ గదులు ఖాళీగా ఉంటాయి కాబట్టి గడ్డ పెరగడానికి చోటు దొరుకుతుంది. నొప్పి వచ్చేదాకా తెలియదు. అందుకే మొదటిసారి కూడా చాలా మందిలో ఆలస్యంగానే బయటపడుతుంది. ముదిరాక పట్టుకున్న క్యాన్సర్ తిరిగి వచ్చే అవకాశం సహజంగానే ఎక్కువ.

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఎక్కువ మందిలో ముందుగా వచ్చేది అదే చోట, లేదా దాని అంచుల్లో. కొందరిలో మెడలోని గ్రంథుల్లో, మరికొందరిలో ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది. ఫాలోఅప్‌లో డాక్టర్ ముక్కుతో పాటు మెడ కూడా తడిమి చూసేది, ఛాతీ స్కాన్ కూడా అడిగేది అందుకే.

మొదటి రెండేళ్లు ఎందుకంత ముఖ్యం?

తిరిగి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం చికిత్స తర్వాత మొదటి రెండేళ్లలోనే బయటపడతాయి. అందుకే మొదట్లో చెకప్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి, తర్వాత దూరం పెరుగుతుంది. తల, మెడ క్యాన్సర్లకు చాలా చోట్ల పాటించే పద్ధతి దాదాపు ఇలా ఉంటుంది.

మొదటి ఏడాది: 1 నుంచి 3 నెలలకు ఒకసారి.
రెండో ఏడాది: 2 నుంచి 6 నెలలకు ఒకసారి.
మూడో ఏడాది నుంచి ఐదో ఏడాది వరకు: 4 నుంచి 8 నెలలకు ఒకసారి.
ఐదేళ్లు దాటాక: ఏడాదికి ఒకసారి.

ఇది అందరికీ ఒకేలా ఉండదు. గడ్డ రకం ఏంటి, ఏ స్టేజ్‌లో దొరికింది, అంచులు క్లియర్‌గా వచ్చాయా లేదా అన్నదాన్ని బట్టి మీ డాక్టర్ ఈ గడువులు మారుస్తారు. డిశ్చార్జ్ రోజే ‘సార్, నా ఫాలోఅప్ తేదీలు కాగితం మీద రాసివ్వండి’ అని అడగండి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో మాట. చెకప్ తేదీ వచ్చేసరికి ఒంట్లో బాగుంటే ‘బాగానే ఉన్నాగా, ఎందుకు వెళ్లడం’ అనిపిస్తుంది. అసలు చెకప్ పెట్టిందే ఒంట్లో బాగున్నప్పుడు చూడటానికి. బాధ మొదలయ్యాక వెళ్తే అది చెకప్ కాదు, ఎమర్జెన్సీ. అలాగని బాధ మొదలైతే తేదీ వచ్చేదాకా ఆగడం కూడా తప్పే.

చెకప్‌లో డాక్టర్ ఏం చేస్తారు?

ముందుగా మాటలతోనే సగం పని అవుతుంది. ముక్కు ఎలా ఉంది, రక్తం పడుతోందా, చూపు ఎలా ఉంది, బరువు తగ్గారా అని అడుగుతారు. ఇక్కడ మొహమాటం వద్దు. చిన్న విషయమే కదా అని దాచొద్దు.

తర్వాత ఎండోస్కోపీ. సన్నని గొట్టం లాంటి కెమెరాను ముక్కులోకి పంపించి లోపలంతా స్క్రీన్ మీద చూస్తారు. ముందుగా మొద్దుబారే మందు స్ప్రే చేస్తారు కాబట్టి పెద్దగా నొప్పి ఉండదు. కొద్దిగా ఇబ్బందిగా, తుమ్ము వచ్చేలా ఉంటుంది అంతే. సాధారణంగా ఓపీలోనే, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

రేడియేషన్ తర్వాత ముక్కు లోపల పక్కులు కడతాయి. ఆ పక్కుల కింద ఏముందో కనిపించదు. అందుకే డాక్టర్ ముందు వాటిని తొలగించి, ఆ తర్వాత చూస్తారు. మీరు ఇంట్లో రోజూ ఉప్పునీటితో ముక్కు శుభ్రం చేసుకుంటే ఈ పని సులువవుతుంది. ఆ నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే అయి ఉండాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి పంపకూడదు.

లోపల ఎక్కడైనా కొత్తగా కండ పెరిగినట్టు, తాకితే రక్తం కారినట్టు కనిపిస్తే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు. ‘ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది’ అని ఊళ్లల్లో ఒక భయం ఉంది. ఆ భయంతో బయాప్సీ వద్దనకండి. అది క్యాన్సరా, రేడియేషన్ వల్ల వచ్చిన పుండా అని ఖాయంగా చెప్పేది బయాప్సీ ఒక్కటే.

చెంప ఎముకతో పాటు అంగిలి కూడా తీసేసిన వాళ్లు నోట్లో ఒక ప్లేటు పెట్టుకుంటారు. దాన్ని అబ్ట్యురేటర్ అంటారు. చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ ప్లేటు తీసి లోపలి ఖాళీని నేరుగా చూడొచ్చు. అదే కాలు నుంచో, చేతి నుంచో కండ తెచ్చి ఆ ఖాళీని మూసేసిన వాళ్లలో లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. వాళ్లకు స్కాన్‌ల అవసరం ఇంకా ఎక్కువ.

సీటీ, ఎంఆర్ఐ, పెట్.. ఏది దేనికి?

కెమెరా పైపొర మాత్రమే చూపిస్తుంది. ఎముక వెనక, కంటి గూట్లో, మెదడు అంచున ఏముందో తెలియాలంటే స్కాన్ కావాల్సిందే. మూడు స్కాన్‌లూ ఒకటి కాదు. ఒక్కోదానికి ఒక్కో పని.

సీటీ స్కాన్: ఎముక అరిగిందా, రంధ్రం పడిందా అన్నది బాగా చూపిస్తుంది. ఊపిరితిత్తులు చూడటానికీ ఇదే.

ఎంఆర్ఐ: మెత్తని కణజాలాన్ని చూపించడంలో ముందుంటుంది. సైనస్‌లో ఉన్నది చీమా, చిక్కబడిన ద్రవమా, లేక గడ్డా అని తేడా చెప్పడానికి ఇది చాలా ఉపయోగం. కొన్ని క్యాన్సర్లు నరాల వెంట పాకుతాయి. ఆ పాకడాన్ని పట్టుకునేది కూడా ఎక్కువగా ఎంఆర్ఐయే. అందుకే ఈ క్యాన్సర్ల ఫాలోఅప్‌లో దీనికి పెద్దపీట.

పెట్ సీటీ: గ్లూకోజ్ లాంటి పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికత జోడించి రక్తంలోకి ఎక్కిస్తారు. చురుగ్గా పెరిగే కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని స్క్రీన్ మీద మెరుస్తాయి. ఒళ్లంతా ఒకేసారి చూడొచ్చు.

పెట్ స్కాన్ విషయంలో ఒక తిరకాసు ఉంది. రేడియేషన్ అయిన వెంటనే చేస్తే వాపు ఉన్న చోటు కూడా మెరుస్తుంది. లేని క్యాన్సర్ ఉన్నట్టు కనిపించి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. అందుకే రేడియేషన్ పూర్తయ్యాక సాధారణంగా 12 వారాలు ఆగి చేస్తారు. ‘మూడు నెలలు ఆగమంటున్నారు, పట్టించుకోవట్లేదు’ అనుకోకండి. ఆగడానికి కారణం అదే. మామూలు సైనస్ ఇన్ఫెక్షన్ ఉన్నా ఈ స్కాన్‌లో మెరుపు కనిపించొచ్చు. కాబట్టి రిపోర్టులో ‘అప్‌టేక్’ అనే మాట చూసి గూగుల్ చేసి భయపడొద్దు. దాన్ని ఎండోస్కోపీతో, అవసరమైతే బయాప్సీతో తేల్చుకోవాలి.

షుగర్ ఉన్న వాళ్లు పెట్ స్కాన్‌కి ముందే ఆ విషయం చెప్పాలి. షుగర్ ఎక్కువగా ఉంటే స్కాన్ సరిగ్గా రాదు. కిడ్నీ సమస్య ఉన్న వాళ్లు సీటీ, ఎంఆర్ఐలో ఎక్కించే కాంట్రాస్ట్ మందు గురించి ముందే మాట్లాడాలి. ఒంట్లో ప్లేట్లు, పేస్‌మేకర్ లాంటివి ఉంటే ఎంఆర్ఐ గదిలోకి వెళ్లకముందే చెప్పాలి.

పాత సీడీ పారేయకండి!

చికిత్స తర్వాత మొదటి ఆరు నెలల్లో తీసే స్కాన్‌ని బేస్‌లైన్ అంటారు. అంటే కొలబద్ద. ఆపరేషన్, రేడియేషన్ తర్వాత ముక్కు లోపలి నిర్మాణం మొత్తం మారిపోతుంది. ఆ ముఖం స్కాన్ మొదటిసారి చూసిన వాళ్లకు ప్రతిదీ తేడాగానే కనిపిస్తుంది. పోయినసారి స్కాన్ పక్కన పెట్టి చూస్తేనే ‘ఇది పాత మచ్చ, ఇది కొత్తగా పెరిగింది’ అని తెలుస్తుంది. అందుకే ప్రతి స్కాన్‌కీ పాత ఫిల్ములు, సీడీ, రిపోర్టు వెంట తీసుకెళ్లండి. వీలైతే ప్రతిసారీ ఒకే సెంటర్‌లో తీయించుకోవడం మంచిది.

ఫైల్‌లో తప్పకుండా ఉండాల్సినవి.. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్, ఎంత రేడియేషన్ ఇచ్చారో చెప్పే సమ్మరీ, ఇచ్చిన కీమో వివరాలు. రేపు ఊరు మారినా, హాస్పిటల్ మారినా కొత్త డాక్టర్‌కి ముందు కావాల్సింది ఇదే. ముఖ్యంగా రేడియేషన్ సమ్మరీ. మళ్లీ రేడియేషన్ ఇవ్వాలా వద్దా అన్నది పాత డోసు తెలిస్తేనే తేలుతుంది.

ఒక్కో గడ్డది ఒక్కో తీరు

‘మా బంధువుకి కూడా ముక్కులో గడ్డే, ఐదేళ్ల తర్వాత చెకప్ మానేశాడు, బానే ఉన్నాడు’ అని ఎవరైనా చెప్తే పోల్చుకోకండి. పేరు చూడండి. మీ బయాప్సీ రిపోర్టులో రాసిన పేరును బట్టే ఫాలోఅప్ ఎంతకాలం అన్నది ఉంటుంది.

స్క్వామస్ సెల్ కార్సినోమా: వీటిలో ఎక్కువగా కనిపించే రకం. తిరిగి వస్తే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుంది.

అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా: నెమ్మదిగా పెరుగుతుంది. నరాల వెంట పాకే గుణం ఉంది. పదేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో కనిపించొచ్చు. కాబట్టి ఐదేళ్లు దాటాయని వదిలేయడానికి లేదు.

ఎస్తీసియోన్యూరోబ్లాస్టోమా: పేరు పలకడమే కష్టం! వాసన పసిగట్టే నరాల కణాల దగ్గర పుట్టే అరుదైన గడ్డ. ఇది కూడా చాలా ఏళ్ల తర్వాత తిరిగి రావచ్చు, మెడ గ్రంథుల్లో కూడా కనిపించొచ్చు. చాలా కాలం పాటు చెకప్‌లు కొనసాగించాల్సిందే.

మ్యూకోసల్ మెలనోమా: ముక్కు పొరలో వచ్చే మెలనోమా. ఊపిరితిత్తులు, కాలేయం లాంటి చోట్లకు పాకే అవకాశం ఎక్కువ. అందుకే ముక్కు ఒక్కటే చూస్తే సరిపోదు, ఒళ్లంతా చూడాలి.

ఇన్వర్టెడ్ పాపిలోమా: ఇది క్యాన్సర్ కాదు. కానీ తీసేసిన చోటే మళ్లీ పెరిగే అలవాటు ఉంది. కొద్దిమందిలో క్యాన్సర్‌గా కూడా మారుతుంది. ‘క్యాన్సర్ కాదన్నారు’ అని చెకప్ మానేయడం తప్పు. దీనికీ ఏళ్ల తరబడి ఎండోస్కోపీ అవసరం.

ఇంట్లో గమనించాల్సిన లక్షణాలు ఇవే

డాక్టర్ మిమ్మల్ని నెలకో, మూడు నెలలకో ఒకసారి చూస్తారు. మిగతా రోజులన్నీ చూసుకునేది మీరే, మీ ఇంట్లో వాళ్లే. అందుకే ఈ లిస్ట్ గుర్తుంచుకోండి.

ఒకవైపు ముక్కు మాత్రమే మూసుకుపోవడం. మామూలు జలుబు సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది.
ముక్కు నుంచి రక్తం పడటం, రక్తంతో కలిసిన చీమిడి, కొత్తగా మొదలైన దుర్వాసన.
చెంప, పెదవి, పళ్లు మొద్దుబారినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉండటం. ఇది నరం మీద ఒత్తిడి పడుతోందనడానికి గుర్తు కావచ్చు.
ఒకటి రెండుగా కనిపించడం, కన్ను ముందుకు పొడుచుకు రావడం, చూపు మందగించడం, ఆగకుండా కన్నీరు కారడం.
పళ్లు వదులవ్వడం, అంగిలి మీద వాపు. కట్టుడు పళ్లు, అబ్ట్యురేటర్ ఉన్నట్టుండి సరిగ్గా కూర్చోకపోవడం.
మెడలో కొత్తగా గడ్డ తగలడం.
నోరు రోజురోజుకూ తక్కువగా తెరుచుకోవడం.
ఒకవైపు చెవి దిబ్బడ, తగ్గని తలనొప్పి, ముఖం నొప్పి.
కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని దగ్గు.

వీటిలో చాలా వాటికి క్యాన్సర్ కాకుండా వేరే కారణాలు కూడా ఉంటాయి. రేడియేషన్ వల్ల కూడా పక్కులు, దిబ్బడ, కొద్దిగా రక్తం రావొచ్చు. కాబట్టి కనిపించగానే కంగారు పడక్కర్లేదు. కానీ కొత్త లక్షణం రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా పెరుగుతూ పోతే మీకు ఆపరేషన్ చేసిన టీమ్‌కే ఫోన్ చేయండి. ఊళ్లో వేరే డాక్టర్ దగ్గరకు వెళ్లినా ‘నాకు గతంలో ముక్కులో క్యాన్సర్ ఆపరేషన్ అయింది’ అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారే మారిపోతుంది.

వీటికి మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు!

పుర్రె అడుగు భాగంలో ఆపరేషన్ అయిన వాళ్లకు ముందుకు వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి పల్చటి ద్రవం చుక్కలు చుక్కలుగా పడుతుంటే, గొంతులో ఉప్పగా తగులుతుంటే.. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. దాంతో పాటు జ్వరం, విపరీతమైన తలనొప్పి, మెడ పట్టేయడం ఉంటే మెదడు పొరల ఇన్ఫెక్షన్ ప్రమాదం ఉంటుంది. అలాగే ఉన్నట్టుండి చూపు పోవడం, ముక్కు నుంచి ఆగకుండా రక్తం ధారగా కారడం. ఇవన్నీ నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సినవి.

ఒకవేళ మళ్లీ వస్తే.. అంతా అయిపోయినట్టేనా?

కాదు. అయితే చిన్నగా ఉన్నప్పుడు దొరకడానికి, కంటి గూట్లోకో, మెదడు అంచుకో వెళ్లాక దొరకడానికి చాలా తేడా ఉంది. ఒకే చోట చిన్నగా ఉంటే చాలా మందికి మళ్లీ ఆపరేషన్ చేయొచ్చు. కొందరికి ముఖం మీద కోత లేకుండా ఎండోస్కోప్‌తోనే తీసేయొచ్చు. పాత డోసును, మధ్యలో గడిచిన కాలాన్ని చూసుకుని కొందరికి రెండోసారి రేడియేషన్ ఇస్తారు. ఆపరేషన్ కుదరని వాళ్లకు కీమో, గడ్డ రకాన్ని బట్టి ఇమ్యునోథెరపీ లాంటి దారులు ఉన్నాయి.

ఆలస్యం అయ్యేకొద్దీ ఈ దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. కన్ను కాపాడుకోగలిగిన చోట కన్ను తీయాల్సి రావొచ్చు. ఆపరేషన్‌తో పోయేది ఆపరేషన్‌కే అందకుండా పోవచ్చు. ఫాలోఅప్ చెకప్‌ల విలువ సరిగ్గా ఇక్కడే తెలుస్తుంది.

క్యాన్సర్ ఒక్కటే కాదు.. ఇవీ చూసుకోవాలి

ఫాలోఅప్ అంటే గడ్డ కోసం వెతకడం మాత్రమే కాదు. చికిత్స మిగిల్చి వెళ్లిన సమస్యలను కూడా పట్టుకోవాలి.

పళ్లు: రేడియేషన్ తగిలిన దవడ ఎముక తొందరగా మానదు. తెలియక పన్ను పీకిస్తే ఎముక కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఏ డెంటిస్ట్ దగ్గరకు వెళ్లినా ముందుగా రేడియేషన్ సంగతి చెప్పండి. మీ క్యాన్సర్ డాక్టర్‌ని అడగకుండా పన్ను తీయించుకోవద్దు.

థైరాయిడ్, హార్మోన్లు: మెడకు రేడియేషన్ ఇచ్చి ఉంటే 6 నుంచి 12 నెలలకు ఒకసారి టీఎస్‌హెచ్ టెస్ట్ చేయించాలి. పుర్రె అడుగు భాగానికి రేడియేషన్ తగిలితే పిట్యూటరీ గ్రంథి కూడా మందగించొచ్చు. విపరీతమైన నీరసం, చలి తట్టుకోలేకపోవడం, బీపీ పడిపోవడం లాంటివి ఉంటే ‘వయసు కదా’ అని వదిలేయకండి.

కళ్లు, చెవులు: కన్ను పొడిబారడం, శుక్లం, చూపు తగ్గడం కొన్నేళ్ల తర్వాత కూడా రావొచ్చు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గొచ్చు. ఏడాదికోసారి కంటి పరీక్ష మంచిది.

నోరు: రోజూ దవడ వ్యాయామాలు చేయాలి. మానేస్తే నోరు బిగుసుకుపోతుంది. అప్పుడు తినడమే కాదు, చెకప్ చేయడం కూడా కష్టమే.

వాసన: వాసన తెలియని వాళ్ల ఇంట్లో గ్యాస్ లీక్ అయితే వాళ్లకు తెలియదు. వంటింట్లో గ్యాస్ డిటెక్టర్ పెట్టుకోవడం, రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి.

చెక్క పొట్టు, తోలు దుమ్ము.. పని చోటు మాటేంటి?

ముక్కు క్యాన్సర్‌కీ, చెక్క పొట్టుకీ ఉన్న సంబంధం బయటపడింది ఇంగ్లండ్‌లో. కుర్చీలు, ఫర్నిచర్ తయారీకి పేరున్న హై వికోంబ్ పట్టణంలో ఎస్మే హాడ్‌ఫీల్డ్ అనే ఈఎన్‌టీ సర్జన్ తన దగ్గరకు వస్తున్న ముక్కు క్యాన్సర్ పేషెంట్లలో చాలా మంది ఫర్నిచర్ పని చేసే వాళ్లేనని గమనించారు. 1968లో ఆమె, మరికొందరు డాక్టర్లు కలిసి ఆ వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. చెక్క పొట్టు, తోలు దుమ్ము, నికెల్ సమ్మేళనాలు.. వీటన్నింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

మన ఊళ్లల్లో వడ్రంగి పని, సా మిల్లు, చెప్పుల తయారీ చేసే వాళ్లకు ఇది నేరుగా వర్తిస్తుంది. చికిత్స అయ్యాక బతుకుతెరువు కోసం మళ్లీ అదే పనికి వెళ్లాల్సి వస్తే డాక్టర్‌కి చెప్పండి. మంచి మాస్క్, గాలి బయటకు లాగే ఫ్యాన్, పొట్టును చీపురుతో రేపకుండా తడిపి తీయడం.. ఇవి ఎంతో కొంత కాపాడతాయి. వీలుంటే దుమ్ము రేగే కోత పని వేరే వాళ్లకు అప్పగించి బిగింపు పని చూసుకోవడం మేలు. సిగరెట్, బీడీ, గుట్కా మాత్రం పూర్తిగా బంద్. పొగ మానకపోతే తిరిగి వచ్చే ముప్పుతో పాటు నోట్లో, గొంతులో కొత్త క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా ఉంటుంది.

ఖర్చు, ప్రయాణం భయపెడుతున్నాయా?

చెకప్‌లు మానేయడానికి చాలా ఇళ్లలో అసలు కారణం నిర్లక్ష్యం కాదు.. డబ్బు, దూరం. ఒక చెకప్ అంటే పేషెంట్‌తో పాటు తోడు వచ్చే వాళ్ల కూలి కూడా పోయినట్టే. అందుకే ఈ విషయాలు తెలుసుకోండి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స పొందిన వాళ్లు ఫాలోఅప్ పరీక్షల్లో ఏవి పథకంలోకి వస్తాయో హాస్పిటల్‌లోని ఆరోగ్యమిత్రను అడగండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

రైల్లో వెళ్లే క్యాన్సర్ పేషెంట్లకు రాయితీ ఉంది. చికిత్సకే కాదు, చెకప్‌కి వెళ్లడానికి కూడా వర్తిస్తుంది. స్లీపర్, థర్డ్ ఏసీలో పేషెంట్‌కి 100 శాతం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం రాయితీ ఇస్తారు. దీనికి హాస్పిటల్ నుంచి నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ తీసుకోవాలి.

దూరం మరీ ఎక్కువైతే డాక్టర్‌తో మాట్లాడి ఎండోస్కోపీ జిల్లా కేంద్రంలోని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర, స్కాన్ సమయానికి మాత్రం పెద్దాసుపత్రిలో అన్నట్టు ఏర్పాటు చేసుకోవచ్చు. మానేయడం కంటే ఇది వంద రెట్లు నయం.

ఇంట్లో వాళ్లకు ఒక మాట

స్కాన్ తేదీ దగ్గర పడుతుంటే పేషెంట్‌కి నిద్ర పట్టదు. అన్నం సహించదు. చిన్న తుమ్ము వచ్చినా గుండె గుభేలుమంటుంది. ఇది పిరికితనం కాదు, క్యాన్సర్ చూసొచ్చిన చాలా మందికి ఉండేదే. ‘ఏం కాదులే’ అని కొట్టిపారేయకుండా ‘పద, నేనూ వస్తా’ అనండి. డాక్టర్ గదిలోకి కూడా వెళ్లండి. అడగాల్సిన ప్రశ్నలు ముందురోజే కాగితం మీద రాసుకోండి. భయం మరీ ఎక్కువై పనులు కూడా చేసుకోలేకపోతుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి. కౌన్సెలింగ్ ఏర్పాటు చేస్తారు.

కొందరు భయంతోనే చెకప్‌కి వెళ్లరు. ‘వెళ్తే ఏదో ఒకటి ఉందంటారు’ అంటారు. కానీ స్కాన్ తీయడం వల్ల క్యాన్సర్ తిరిగి రాదు. ఉంటే ముందుగా తెలుస్తుంది. లేకపోతే మరో మూడు నెలలు ప్రశాంతంగా నిద్ర పడుతుంది.

మొత్తంగా గుర్తుంచుకోవాల్సింది ఇంతే. మొదటి రెండేళ్లు ఒక్క చెకప్ కూడా వదలొద్దు. ఒకవైపు ముక్కు దిబ్బడ, రక్తం, మొద్దుబారడం, చూపులో తేడా కనిపిస్తే మెడికల్ షాపుకి కాదు, మీ టీమ్ దగ్గరకు వెళ్లండి. ఐదేళ్లు దాటినా మీ గడ్డ పేరును బట్టి ఏడాదికోసారైనా చూపించుకోండి. ఇంట్లో, బంధువుల్లో ఇలాంటి చికిత్స తీసుకున్న వాళ్లు ఉంటే ఈరోజే ఒక ఫోన్ చేసి అడగండి.. ‘మీ తర్వాతి చెకప్ ఎప్పుడు?’ అని.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చెకప్ గడువులు, పరీక్షలు, మందుల విషయంలో మీకు చికిత్స చేసిన వైద్యుల సలహానే పాటించాలి.